ఆరున్నర గంటల రాయితీ

తెలుగు రాష్ట్రాల్లో ఏపీ అంటే ఒకటే అర్థం. డాలస్ శివారు ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో తెలుగువాళ్లింటికి భోజనానికి వెళ్తే అదే మాట వేరేలా వినిపిస్తుంది. ‘‘మీవాడు ఈ ఏడు ఎన్ని ఏపీలు రాస్తున్నాడు?’’ అని పప్పు వడ్డిస్తూనే అడిగేస్తారు. అక్కడ ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి పాఠాలు చదివి, మే నెలలో కాలేజీ బోర్డు అనే సంస్థ పెట్టే పరీక్ష రాయడం. స్కోరు 1 నుంచి 5 వరకు ఉంటుంది. 3 గానీ ఆపైన గానీ వస్తే చాలా యూనివర్సిటీలు ఆ సబ్జెక్టుకు క్రెడిట్ ఇచ్చేస్తాయి. టెక్సాస్ అయితే తన ప్రభుత్వ కాలేజీలు 3 వచ్చినవాళ్లకు క్రెడిట్ ఇవ్వాలని 2015లో చట్టమే చేసింది. ఒక్కో పరీక్షకు ఫీజు 2025లో 99 డాలర్లు. అదే సబ్జెక్టు కాలేజీలో చేరి చదవాలంటే చాలాచోట్ల వేలల్లోకి వెళ్తుంది. కాబట్టి పప్పు దగ్గర అడిగిన ఆ ప్రశ్న ఊసుపోక అడిగింది కాదు.

పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి అడిగే రెండో ప్రశ్న ఒకటుంటుంది. ‘‘వాళ్లమ్మాయికి పరీక్షలో టైమెక్కువ ఇచ్చారట, నిజమేనా వదినా? పిల్లకేం జబ్బు? చూడ్డానికి బాగానే ఉంటుందిగా.’’ అటునుంచి జవాబు: ‘‘ఎవరో డాక్టరు చేత కాగితం రాయించారట. మనకే తట్టలేదు చూడండి.’’

ఈ మాట తెలుగువాళ్ల సొత్తేం కాదు. అమెరికన్ పత్రికల్లో, టీచర్ల గదుల్లో పాతికేళ్లుగా తిరుగుతున్నదే. వైకల్యం పేరు చెప్పి అదనపు సమయం ఇవ్వడమంటే మిగతా పిల్లల నోటి దగ్గర కూడు లాక్కోవడమని, డబ్బున్నవాళ్లు దాన్ని కొనుక్కుంటున్నారని, రేపు ఉద్యోగంలో అదనపు గంట ఎవడిస్తాడని వాదన. వినడానికి న్యాయంగానే ఉంటుంది. పరీక్ష గదిలోకి తొంగిచూస్తే మాత్రం నిలబడదు.

అమెరికా చరిత్ర ఏపీ పరీక్షనే తీసుకుందాం. 55 బిట్లకు 55 నిమిషాలు. మూడు చిన్న జవాబులకు 40. ఏడు చారిత్రక పత్రాలు చదివి వాటి ఆధారంగా రాసే వ్యాసానికి గంట. చివర్లో పెద్ద వ్యాసానికి మళ్లీ 40. మొత్తం మూడుంబావు గంటలు. ఇప్పుడు డిస్లెక్సియా ఉన్న పదకొండో తరగతి అమ్మాయిని ఆ బల్ల ముందు ఊహించుకోండి. ఆమెకు చరిత్ర తెలుసు, అంతర్యుద్ధానికి కారణాలు గుక్క తిప్పుకోకుండా చెప్పగలదు. కానీ తెర మీద కనిపించే పేరాను ఒకసారి చదివితే వాక్యం తోక దొరకదు, రెండోసారి చదవాలి, పేర్లయితే మూడోసారి. ఆమెకు ఒకటిన్నర రెట్ల సమయం మంజూరైతే పరీక్ష దాదాపు ఐదు గంటలవుతుంది. రెట్టింపు మంజూరైతే ఆరున్నర గంటలు, విరామాలు దానికి అదనం. ముందే అయిపోయిందని లేచి వెళ్లిపోదామన్నా కుదరదు. బ్లూబుక్ అనే యాప్‌లో ఒక భాగానికి కేటాయించిన పొడిగింపు మొత్తం గడిస్తేనే తర్వాతి భాగం తెరుచుకుంటుంది. పొద్దున 8కి కూర్చున్న పిల్ల లేచేసరికి మధ్యాహ్నం మూడవుతుంది. తోటివాళ్లు అప్పటికి ఇంటికెళ్లి ఓ కునుకు కూడా తీసి ఉంటారు.

ఇక్కడితో అయిపోలేదు. ఏపీ పరీక్షలు రోజుకు రెండు పూటలు: ఒకటి ఉదయం 8 ప్రాంతంలో, రెండోది 12 ప్రాంతంలో. రెండు సబ్జెక్టులు ఒకేరోజు పడితే మామూలు పిల్లవాడు ఓ శాండ్‌విచ్ తిని రెండోదానికి వెళ్తాడు. ఈ అమ్మాయి మొదటిది ముగించేసరికి రెండోది మొదలై మూడు గంటలు అయిపోతుంది. కాబట్టి ఆ రెండోదాన్ని లేట్ టెస్టింగ్ వారానికి జరపాలి. క్లాసంతా పుస్తకాలు మూసేసి ఈత కొలనుల చుట్టూ తిరుగుతున్న వారంలో ఆమె ఇంకా చదువుతూనే ఉంటుంది. వాదించేవాళ్లు వరమంటున్నది దీన్నే.

ఆ వరం కూడా అడగ్గానే దొరకదు. స్కూల్లో 504 ప్లాన్ ఉన్నంత మాత్రాన సరిపోదు. (504 అంటే 1973 నాటి పునరావాస చట్టంలోని సెక్షన్, వైకల్యం ఉన్న పిల్లకు తరగతిలో ఏమేం చేసిపెట్టాలో రాసే కాగితానికి ఆ అంకె పేరైపోయింది.) ఏపీ పరీక్షకు కాలేజీ బోర్డు అనుమతి వేరు. స్కూల్లో దానికోసం ఉండే సమన్వయకర్త ద్వారా జనవరి మధ్యలోపు అర్జీ వెళ్లాలి. పరిశీలనకు ఏడు వారాల దాకా పడుతుంది. అనుమతి వచ్చాక ఆ పిల్లకు వేరే గది చూడాలి, ఆరున్నర గంటలు కూర్చునే ఇన్విజిలేటర్ని వెతకాలి, వాళ్లు భోజనానికి లేస్తే బదులు కూర్చునే మనిషిని వెతకాలి. చాలా స్కూళ్లలో ఆ సమన్వయకర్తే కౌన్సెలర్ కూడా, వందల మంది పిల్లల టైంటేబుళ్లూ ఆయన నెత్తినే. ఇదంతా ఎందుకు, పిల్ల కష్టపడుతోంది కదా అని ఇన్విజిలేటర్ జాలిపడి బోర్డు అనుమతి లేకుండా పది నిమిషాలు ఎక్కువ ఇచ్చాడా, స్కోరే రద్దయిపోవచ్చు.

అసలు ఈ సదుపాయాల్లో చాలావాటికి సమయంతో సంబంధమే లేదు. బ్రెయిల్ ప్రశ్నపత్రం, పెద్ద అక్షరాలు, చదివి వినిపించే మనిషి, చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్. టైప్-1 మధుమేహం ఉన్న కుర్రాడి సంగతి చూడండి. చేతికి అంటించుకున్న సెన్సర్ నుంచి గ్లూకోజ్ అంకె నేరుగా ఫోన్‌కే వస్తుంది. ఫోనేమో పరీక్ష గదిలో నిషిద్ధం. ఆ ఫోను దగ్గర్లో ఉంచుకోవడానికి, షుగర్ పడిపోతే రెండు గుక్కల జ్యూసు తాగడానికి అతను నెలల ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. మంజూరైన విరామం తీసుకుంటే గడియారం ఆగుతుంది, తిరిగొచ్చాక ఆగినచోటి నుంచే నడుస్తుంది. బిట్లు చేయడానికి అతనికి ఒక్క సెకను కూడా ఎక్కువ రాదు. అయినా పెరుగన్నం దగ్గరి లెక్కలో అతనూ ‘టైము తెచ్చుకున్నవాడే’.

2020 మేలో కరోనా వల్ల ఏపీ పరీక్షల్ని ఇంటినుంచి 45 నిమిషాల ఆన్‌లైన్ పరీక్షలుగా కుదించారు. చూపులేని పిల్లలకు కాగితం మీద బ్రెయిల్ ఇవ్వలేమన్నారు. గ్రాఫునూ పటాన్నీ వేళ్లతో తడిమి చదివే పిల్లకు తెర మీది బొమ్మ ఏం పనికొస్తుంది? అమెరికా అంధుల జాతీయ సమాఖ్య పిల్లల తరఫున ఫిర్యాదుకు దిగాక బోర్డు కాగితపు బ్రెయిల్ ఇవ్వడానికి ఒప్పుకుంది. చట్టం అప్పటికి ముప్పై ఏళ్ల నాటిది. 1990 నాటి వికలాంగుల చట్టం పరీక్షలు పెట్టే ప్రైవేటు సంస్థల్ని కూడా స్పష్టంగా బాధ్యుల్ని చేసింది. పరీక్ష కొలవాల్సింది పిల్ల సామర్థ్యాన్ని గానీ వైకల్యాన్ని కాదన్నది ఆ నిబంధనల సారం.

ఇక ఆక్షేపించేవాళ్ల బ్రహ్మాస్త్రం ‘వార్సిటీ బ్లూస్’ కుంభకోణం. 2019 మార్చిలో బయటపడింది. రిక్ సింగర్ అనే దళారి ధనవంతులైన తల్లిదండ్రులకు చెప్పిన మొదటి పాఠం, పిల్లకు చదువులో ఏదో ఇబ్బంది ఉన్నట్టు నిపుణుడి చేత రాయించుకుని రెట్టింపు సమయం అడగమని. అది ఏపీ పరీక్ష కాదు, కాలేజీ ప్రవేశానికి రాసే శాట్, యాక్ట్ పరీక్షలు. కానీ ఆ మచ్చ అన్నింటికీ అంటుకుంది. ‘చూశారా, అదనపు సమయమంటే ఇదీ’ అని ఇప్పటికీ దాన్నే చూపిస్తారు.

చూడాల్సిందే, కాస్త దగ్గరికి వెళ్లి. సింగర్‌కు ఆ అదనపు సమయం ఎందుకు కావాలి? ఆ పిల్లను హాల్లో నలుగురి మధ్య కాకుండా విడిగా కూర్చోబెడతారు కాబట్టి. ఊళ్లో పెళ్లి ఉందనో ఇంకోటనో సాకు చెప్పి కేంద్రాన్ని హ్యూస్టన్‌కో వెస్ట్ హాలీవుడ్‌కో మార్పించేవాడు. అక్కడ నిర్వాహకులకు లంచం ముందే ముట్టేది. ఫ్లోరిడా నుంచి మార్క్ రిడెల్ అనే తెలివైనవాడు విమానం దిగేవాడు. కొన్నిసార్లు తనే రాసేవాడు, కొన్నిసార్లు పిల్లలు రాసి వెళ్లాక జవాబులు దిద్దేవాడు. అందుకు మామూలుగా ఒక్కో పిల్లకు 10,000 డాలర్లు. స్కోరు పెరిగింది రిడెల్ చేతివాటం వల్ల. అదనపు గంటకే అంత మహత్తు ఉంటే అతనికి పదివేలు పోయడమెందుకు? ఇంటర్ పరీక్షల్లో కిటికీలోంచి చిట్టీలు వచ్చిపడటం చూసిన తెలుగువాళ్లకు ఈ తేడా ఇంకొకరు విడమర్చి చెప్పనక్కర్లేదు. చిట్టీలు వచ్చాయని కిటికీలు పూడ్చేసి ఉబ్బసం పిల్లాణ్ని ఉక్కలో కూర్చోబెట్టరు. సింగర్‌కు 2023 జనవరిలో మూడున్నరేళ్ల జైలు పడింది. శిక్ష పడాల్సినవాడికి పడింది, అనుమానం మాత్రం పడకూడని పిల్లల మీద మిగిలిపోయింది.

డబ్బున్న ఊళ్ల సంగతి నిజమే, దాచడానికేం లేదు. 2019లో న్యూయార్క్ టైమ్స్ లెక్కతీస్తే కనెక్టికట్‌లోని వెస్టన్ అనే సంపన్న ఊళ్లో 18 శాతం పిల్లలకు 504 ప్లాన్ ఉంది. అరగంట దూరంలోని డాన్‌బరీ కంటే ఇది ఎనిమిది రెట్లు. వెస్టన్ నీళ్లలో డిస్లెక్సియా ఏమీ కలవలేదు. అక్కడి తల్లిదండ్రులకు వేలు పోసి ప్రైవేటు పరీక్షలు చేయించే స్తోమత ఉంది, స్కూలుతో కొట్లాడే తీరిక ఉంది, ఏ కాగితంలో ఏ మాట పడాలో చెప్పే లాయరున్నాడు. వాళ్లలో కొందరు లేని ఇబ్బందిని రాయించుకుని ఉంటారు, అదీ ఒప్పుకోవాల్సిందే.

కానీ ఈ అంకెను ఎప్పుడూ ఒకవైపు నుంచే చదువుతారు. వెస్టన్‌లో ఎక్కువున్నారని గోల పెట్టేవాళ్లు డాన్‌బరీలో ఇంత తక్కువేమిటని అడగరు. డిస్లెక్సియా జీతం చూసి రాదు. 2000 నవంబరులో కాలిఫోర్నియా రాష్ట్ర ఆడిటర్ ఇదే విషయం మీద నివేదిక ఇచ్చినప్పుడు దాని శీర్షికలోనే రెండు మాటలూ కలిపి పెట్టారు: కొందరికి అర్హత లేని అదనపు సమయం దక్కుతుండవచ్చు, ఇంకొందరికి అవసరమైన సాయం అందకపోతుండవచ్చు. పాతికేళ్లుగా జనం మొదటి సగాన్నే పట్టుకుని ఊరేగుతున్నారు.

సరే, రూళ్లు బిగిద్దాం, ఇంకో రెండు రిపోర్టులు అడుగుదాం అంటారు. బిగిస్తే తెగేది ఎవరి దగ్గర? వెస్టన్ తండ్రి ఇంకో చెక్కు రాస్తాడు. రాత్రి షిఫ్టులు చేసే తల్లి, ఇంగ్లిష్ అంతంత మాత్రం వచ్చిన తల్లి ఆ రిపోర్టు దగ్గరే ఆగిపోతుంది. కాలేజీ బోర్డు దీన్ని కొంత గ్రహించే 2017 జనవరి నుంచి దారి మార్చింది. పిల్లకు స్కూల్లో ప్లాన్ ఉండి, స్కూలు పరీక్షల్లో ఆ సదుపాయం వాడుతుంటే చాలావరకు విడిగా ఫైళ్లకు ఫైళ్లు పంపకుండానే అనుమతి వస్తుంది. ప్రభుత్వ బడి అయితే, వైకల్యం ఉందేమోనన్న అనుమానం వచ్చిన పిల్లను పైసా తీసుకోకుండా పరీక్షించాల్సిన బాధ్యత సమాఖ్య చట్టం ప్రకారం బడిదే. తల్లో తండ్రో ఓ ఉత్తరం రాసి అడగొచ్చు. దళారీలకు గిరాకీ తగ్గాలంటే ఈ ఉత్తరం సంగతి డాన్‌బరీలాంటి ఊళ్లలో ఇంటింటికీ తెలియాలి. రిపోర్టుల సంఖ్య పెంచితే ఆ దళారీలకే ఇంకాస్త పని దొరుకుతుంది.

గడియారమే ప్రతిభకు కొలమానమనే మాట ఇంకా మిగిలి ఉంది. చరిత్ర పరీక్ష కొలిచేది చరిత్ర జ్ఞానాన్నా, నిమిషానికి ఎన్ని పదాలు కళ్ల కింద దొర్లుతాయన్నదా? పరీక్షలు తయారుచేసేవాళ్లే దీని మీద కచ్చితంగా లేరు. పాత కాగితపు శాట్‌లో 154 ప్రశ్నలకు 180 నిమిషాలుండేవి, అంటే ప్రశ్నకు 70 సెకన్లు. 2024లో అమెరికాకు వచ్చిన డిజిటల్ శాట్‌లో 98 ప్రశ్నలకు 134 నిమిషాలు, ప్రశ్నకు 82 సెకన్లు. అందరికీ ప్రశ్నకు పన్నెండు సెకన్లు పెంచిన రోజున ప్రతిభకు విలువ పోయిందని ఎవరూ గుండెలు బాదుకోలేదు. కాలేజీ బోర్డయితే ఇది మా పరీక్షలోని సుగుణమని చెప్పుకుంది.

‘అదనపు సమయమిస్తే ఎవరికైనా మార్కులు పెరుగుతాయి కదా’ అంటారు. ఈ ప్రశ్న మీద వచ్చిన పరిశోధనల్ని సిరెచీ, స్కార్పటీ, లీ అనే ముగ్గురు 2005లో ఒకచోట చేర్చి సమీక్షించారు. అదనపు సమయం మామూలు పిల్లలకూ కొంత పనికొస్తోంది గానీ వైకల్యం ఉన్న పిల్లలకు చెప్పుకోదగ్గంత ఎక్కువ మేలు చేస్తోందని తేలింది. అదే ఏడు శాట్ మీద జరిగిన మరో అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. మితంగా ఇచ్చిన సమయం మేలు చేస్తుంది, మరీ ఎక్కువిస్తే అలుపు తప్ప ఒరిగేదేమీ లేదు, అసలు పాఠమే రానివాళ్లకు ఎంతిచ్చినా పెద్దగా తేడా ఉండదు. సామాన్యుడి మాటలో, కాల్‌క్యులస్ రానివాడికి గడియారం ఆపేసినా కాల్‌క్యులస్ రాదు. ఈ వివరాల్లో ఆక్షేపించేవాళ్లకు కూడా ఓ వాదన దొరుకుతుంది: మూసగా అందరికీ ఒకటిన్నర రెట్లు ఇవ్వకుండా ఏ పిల్లకు ఎంత కావాలో చూసివ్వాలని. ఆ వాదన చేస్తే తలొగ్గాల్సిందే. వాళ్లు చేస్తున్నది అది కాదు.

కొందరు ఇంకో మెట్టు దిగి, ‘ఇవ్వండి, కానీ స్కోరు పక్కన ఓ చుక్క పెట్టండి, కాలేజీలకు తెలియాలి’ అంటారు. ఆ చుక్క ఒకప్పుడు ఉండేది. మార్క్ బ్రీమ్‌హార్స్ట్ అనే ఆయనకు రెండు చేతులూ లేవు. బిజినెస్ స్కూల్లో ప్రవేశానికి పెట్టే జీమ్యాట్ రాయడానికి ట్రాక్‌బాల్‌తో పాటు కొంత అదనపు సమయం ఇచ్చారు. తర్వాత ఆ స్కోరు ‘ప్రత్యేక పరిస్థితుల్లో’ వచ్చిందని ముద్ర కొట్టి పంపారు. ఆయన 1999లో పరీక్ష పెట్టిన సంస్థ మీద కోర్టుకెక్కారు. 2001లో రాజీ కుదిరింది, ముద్ర పోయింది. తర్వాత శాట్ సంగతి తేల్చడానికి వేసిన నిపుణుల బృందంలో నలుగురు తీసేయాలన్నారు, ఇద్దరు ఉంచాలన్నారు. 2003లో శాట్ మీదా ఆ గుర్తు పోయింది. చేతుల్లేని మనిషి మౌస్ బదులు ట్రాక్‌బాల్ వాడాడన్న సంగతి బిజినెస్ స్కూలుకు దేనికో, ఆ ముద్రను వెనకేసుకొచ్చినవాళ్లు చెబితే వినాలనుంది.

ఉద్యోగంలో ఎవడిస్తాడన్న వాదనకు అంత సేపు అక్కర్లేదు. అదే 1990 చట్టం కాలేజీలకూ వర్తిస్తుంది, పదిహేను మంది ఉద్యోగులకు తగ్గని కంపెనీలకూ వర్తిస్తుంది. పైగా చరిత్రకారులెవరూ 40 నిమిషాల్లో వ్యాసం రాసి పెన్ను కింద పెట్టరు. హైదరాబాద్ హైటెక్ సిటీలో కోడ్ రాసేవాడు ఎన్ని డెడ్‌లైన్లు దాటించాడో వాడి మేనేజర్ని అడగండి.

తెలుగువాళ్లకు ఈ పోరాటం కొత్తదీ కాదు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతిలో మంచి మార్కులొచ్చినా ఇంటర్‌లో సైన్సు ఇచ్చేది లేదన్నారు. కోర్టుకెళ్లి సీటు తెచ్చుకున్నాడు. పుస్తకాలను ఆడియోగా మార్పించుకుని విని చదివి 98 శాతం తెచ్చుకున్నాడు. ఆ తర్వాత అమెరికాలోని ఎంఐటీకి వెళ్లాడు. చదవగలడా లేదా అన్నది ప్రశ్నే కాలేదు, పుస్తకం ఏ రూపంలో చేతికొస్తుందన్నదే ప్రశ్న. మన దేశంలో 2018 ఆగస్టు నాటి కేంద్ర మార్గదర్శకాలు రాతకు ఇబ్బంది ఉన్న అభ్యర్థులకు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనంగా ఇవ్వాలన్నాయి. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. రాస్తుంటే చెయ్యి బిగుసుకుపోయే రైటర్స్ క్రాంప్ ఉన్న సివిల్స్ అభ్యర్థికి, నలభై శాతం వైకల్యం లేదని స్క్రైబ్‌ను కాదనడం చెల్లదంది. దుర్వినియోగం అవుతుందేమోనన్న ప్రభుత్వ భయాన్ని కారణంగా ఒప్పుకోలేదు.

అయినా ఫ్రిస్కోలో భోజనాల బల్ల దగ్గర గొంతు తగ్గుతూనే ఉంటుంది. దాని ఫలితం వినేవాళ్ల మీద కంటే, అలాంటి పిల్లే ఇంట్లో ఉండి పైకి చెప్పుకోలేని వాళ్ల మీద ఎక్కువ. టీచరు సెప్టెంబరులోనే పిలిచి, ఒకసారి పరీక్ష చేయిద్దామంటుంది. ‘‘మా పిల్లకు డిజబిలిటీ ఏంటండీ, కాస్త బద్ధకం, అంతే’’ అని తండ్రి నవ్వేస్తాడు. ట్యూషన్ పెట్టిస్తారు. దసరా వెళ్లిపోతుంది, థాంక్స్‌గివింగ్ వెళ్లిపోతుంది. రికార్డుల్లో డిజబిలిటీ అని పడితే కాలేజీల్లో ఎలా చూస్తారోనని తల్లి రాత్రిళ్లు ఇంటర్నెట్ వెతుకుతుంది. స్కోరు మీద ఆ గుర్తు పోయి ఇరవై ఏళ్లు దాటిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నలుగురూ ఏమంటారోనన్నది సరేసరి. సంక్రాంతి పిండివంటల హడావుడిలో జనవరి గడువు కూడా వెళ్లిపోతుంది. ఏప్రిల్లో మాక్ టెస్టు చూసి భయమేసి కౌన్సెలర్‌కు మెయిల్ పెడితే, ఈ ఏటికి ఆలస్యమైందని మర్యాదగా జవాబొస్తుంది.

మేలో ఆ పిల్ల అందరితో పాటు అదే హాల్లో కూర్చుంటుంది. ఏడు పత్రాల్లో నాలుగు చదివేసరికి పావుగంట అయిపోతుంది. జూన్‌లో జవాబులు దిద్దే టీచరుకు పిల్ల పేరు తెలియదు, ఊరు తెలియదు, ఎవరికి ఎంత సమయం ఇచ్చారో తెలియదు. ఆయన తెర మీద పెద్ద వ్యాసం రెండు పేరాలు చక్కగా సాగి, మూడోదాని మొదటి వాక్యంలో ‘ఎందుకంటే’ అన్నచోట ఆగిపోయి ఉంటుంది.